లీటరు ధర – కిలోమీటరు ఖర్చు

కాకినాడలో మా కళాశాలకు పోవు దారిలో ఒక పెట్రోలు బంకు కలదు. ఉదయము తొమ్మిది గంటల వేళ అక్కడ అయిదు నిమిషములు నిలిచి వినినచో ఒక విశేషము తెలియును. కార్లలో వచ్చినవారిలో కొందరు "ట్యాంకు నింపు" అందురు. "రెండు లీటర్లు పోయి" అనువారు చాల అరుదు. మోటారు సైకిళ్లవారును, ఆటోలవారును దాదాపు అందరు "వందకు కొట్టు", "రెండొందలకు కొట్టు" అని రూపాయలలోనే అడుగుదురు. పాలు లీటర్లలోను, బియ్యము కిలోలలోను కొను మనము పెట్రోలును మాత్రము రూపాయలలో కొనుట వింతగా లేదా?

నేను తరచుగా ఎక్కు ఆటో నడుపు పెద్దాయనకు ఏబది యేండ్లు దాటినవి. 2022 మార్చి 22 మొదలు ఏప్రిల్ 6 వరకు దేశమంతటను పెట్రోలు ధర ఇంచుమించు ప్రతిదినము పెరిగిన సంగతి చదువరులకు జ్ఞాపకము ఉండవచ్చును. ఢిల్లీలో ఆ పదహారు దినములలో లీటరుకు 10 రూపాయలు పెరిగినది. మన రాష్ట్రములో అంతకు కొంచెము ఎక్కువయే. గుండు సంఖ్యలలో చెప్పవలెనన్న 110 రూపాయలనుండి 120 రూపాయలకు వచ్చినది. ఆ దినములలోనే ఒక ఉదయము ఆయనను, "రోజూ మారుతున్న ఈ రేటు మీకు ఎలా గుర్తుంటుందండీ?" అని అడిగితిని.

"బోర్డు నేను చూడనండి మాస్టారూ. పొద్దున్న తొమ్మిదికి రెండొందలకు కొట్టిస్తాను. ఇదివరకు ముల్లు కిందికి దిగేటప్పటికి మూడయ్యేదండి. ఇప్పుడు రెండున్నరకే దిగిపోతోంది. నాకు రేటంటే అదేనండి" అనెను.

ఈ మాటలోని లెక్కను విద్యార్థులు సరిచూడవచ్చును. అదే సొమ్మునకు వచ్చు పెట్రోలు 120కి 110 వంతున తగ్గును. ఆరు గంటలు నడిచిన బండి ఇప్పుడు ఆరును 110తో గుణించి 120తో భాగించగా వచ్చినన్ని గంటలు, అనగా అయిదున్నర గంటలు నడువవలెను. తొమ్మిదికి అయిదున్నర కలిపిన రెండున్నర! ఆ ముల్లును మించిన ధరల పట్టిక ఆయనకు అవసరము లేదు. చేతిలోని సొమ్ము మారనపుడు ధర పెరుగుదల కాలము తగ్గుదలగా కనబడును. రూపాయలలో కొనువాడు అజ్ఞానముచే అట్లు కొనుటలేదు. ఆ పూటకు ఆయన చేతిలో ఉన్నది అంతే.

దిగబోవునపుడు ఆయన నన్నొక ప్రశ్న అడిగెను. "మా వాళ్లు కొందరు యానాం పోయి కొట్టించుకొస్తున్నారండి. అక్కడ లీటరుకు పది, పన్నెండు తక్కువండి. నన్నూ పొమ్మంటారా?"

భౌతిక శాస్త్రము బోధించువాడనై ఉండియు దీనికి వెంటనే జవాబు చెప్పలేకపోతిని. మరునాడు తరగతిలో నల్లబల్లపై వేసి చూచితిమి. ఆ లెక్కకు ముందు, పక్కపక్కనున్న రెండు ఊళ్లలో ఒకే పెట్రోలునకు రెండు ధరలు ఎట్లు వచ్చునో తెలిసికొనవలెను.

ధర ఎట్లు తయారగును?

మన దేశము వాడు ముడి చమురులో అత్యధిక భాగము విదేశములనుండి వచ్చును. దానిని బ్యారెళ్లలో కొలుతురు. బ్యారెలు అనగా సుమారు 159 లీటర్లు. వెల డాలర్లలో చెల్లింపవలెను. కావున చమురు వెల మారకపోయినను, రూపాయి మారకపు విలువ తగ్గినచో మన బంకులో ధర పెరుగుటకు కారణము ఏర్పడును. పూర్వము ప్రభుత్వమే ధరను నిర్ణయించెడిది. 2010 జూనులో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను అంతర్జాతీయ విపణికి విడిచిపెట్టిరి. 2017 జూన్ 16 నుండి దేశమంతటను ప్రతిదినము ఉదయము ఆరు గంటలకు ధర సవరించు పద్ధతి వచ్చినది. అంతకు ముందు నెలన్నర పాటు దీనిని అయిదు నగరములలో ప్రయోగించి చూచిరి. వానిలో మన విశాఖపట్టణము ఒకటి. పద్ధతి దినదినమునకు సంబంధించినదైనను, నెలల తరబడి ధర కదలక నిలిచిన సందర్భములును కలవు. 2021 నవంబరు 4 తరువాత నాలుగు నెలలకు పైగా నిలిచిపోయి, ఆ పిమ్మట పైన చెప్పిన పదహారు దినములలో ఒక్కసారిగా ఎగసినది.

ఇక పన్నులు. ఇవి రెండు రకములు. కేంద్రము వేయు ఎక్సైజు సుంకము లీటరుకు ఇన్ని రూపాయలని ఉండును. రాష్ట్రము వేయు వ్యాటు, అనగా విలువపై పన్ను, నూటికి ఇంత అని ఉండును. 2017 జులైలో వస్తు సేవల పన్ను అమలునకు వచ్చినపుడు పెట్రోలు, డీజిళ్లను దానినుండి తప్పించుటచే ఈ రెండును మిగిలినవి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై వ్యాటు 31 శాతము. దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్ల అభివృద్ధి సెస్సు 1 రూపాయి. తెలంగాణలో 35.20 శాతము.

ఒక ఉదాహరణము తీసికొందము. శుద్ధి కర్మాగారమునుండి బంకు వరకు వచ్చిన పెట్రోలు వెల లీటరుకు 55 రూపాయలు అనుకొనుడు. దానికి ఎక్సైజు 20, బంకు యజమాని కమీషను 4 కలుపగా 79 అగును. ఈ 79 పైన 31 శాతము వ్యాటు 24.49. దానికి 5 రూపాయలు చేర్చగా మొత్తము 108.49. ఇప్పుడు మొదటి 55 రూపాయలు 56 అయినవనుకొన్నచో బంకులో 1 రూపాయి గాక 1 రూపాయి 31 పైసలు పెరుగును. ఎక్సైజు సుంకము మారినను అంతే. పన్నుపై పన్ను పడుచున్నది. ఇది తగ్గునపుడును అట్లే పనిచేయును. 2022 మే 22 నుండి కేంద్రము పెట్రోలుపై 8 రూపాయలు తగ్గింపగా మన బంకులలో తగ్గినది 8 కాదు, ఇంచుమించు పదిన్నర.

"చమురు వెల సగమైనదని పత్రికలో చదివితిని, బంకులో సగము కాలేదేమి?" అని విద్యార్థులు అడుగుచుందురు. పై ఉదాహరణములో 55ను సగము చేసి 27.50గా తీసికొనినచో బంకు ధర సుమారు 72.50 అగును. అనగా తగ్గినది సగము కాదు, మూడవ వంతు మాత్రమే. లీటరుకు ఇన్ని రూపాయలని కట్టిన సుంకము చమురుతో పాటు కరగదు. అంతేగాక, చమురు పడిపోయిన సమయములోనే ప్రభుత్వము సుంకము పెంచవచ్చును. 2020లో కరోనా వ్యాధిచే ప్రపంచమంతటను రాకపోకలు నిలిచి చమురు వెల కూలిపోగా, మే 6 నుండి కేంద్రము పెట్రోలుపై 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు ఎక్సైజు పెంచెను. ఆ తరువాత 2021 నవంబరులో వరుసగా 5, 10 రూపాయలు తగ్గించెను. పన్ను ఎంత ఉండవలెను అనునది శాసనసభలలో తేలవలసిన విషయము. ముల్లును చూచుకొను మన ఆటో పెద్దాయనకు ఈ మెట్లన్నియు ఒకే అంకెగా అందుచున్నవి.

యానాం లెక్క

యానాం 1954లో ఫ్రెంచివారినుండి మనకు వచ్చిన చిన్న పట్టణము. చుట్టును ఆంధ్రదేశమే ఉన్నను పరిపాలన పుదుచ్చేరిది. అక్కడి వ్యాటు మన వ్యాటులో సుమారు సగము. అందుచే గౌతమీ తీరమున నాలుగు అడుగులు అటు వేసిన ఒక ధర, ఇటు వేసిన మరియొక ధర.

కాకినాడ నుండి యానాం సుమారు 30 కిలోమీటర్లు; పోయి వచ్చుటకు 60. ఇక్కడ లీటరు 120, అక్కడ 108 అని లెక్కకు తీసికొందము. ఆటో ట్యాంకులో 8 లీటర్లు పట్టును. లీటరుకు 30 కిలోమీటర్లు నడచును. పూర్తిగా ఖాళీ ట్యాంకుతో పోయి నింపుకొనినను మిగులునది ఎనిమిది పన్నెండ్లు, 96 రూపాయలు. పోయి వచ్చుటకు కాలినది 2 లీటర్లు, 216 రూపాయలు. అనగా 120 రూపాయలు చేతినుండి పోవును. సగము దినపు బేరములు పోవుట వేరు.

అయితే అందరికిని నష్టమేనా? ఒక విద్యార్థిని ఈ లెక్కను అక్షరములలో వ్రాసి చక్కని సూత్రమొకటి తేల్చినది. నిండు ట్యాంకుతో బండి పోగల దూరమును ఒక సంఖ్యగా తీసికొనుడు. అదనముగా తిరుగవలసిన దూరము ఆ సంఖ్యలో ఎన్నవ వంతో చూడుడు. ధరలోని తేడా, చౌకచోటి ధరలో ఎన్నవ వంతో చూడుడు. మొదటి వంతు రెండవ వంతుకంటె చిన్నదైననే లాభము. మన ఉదాహరణములో ధర తేడా 108లో 12, అనగా తొమ్మిదవ వంతు. ఆటో నిండు ట్యాంకుతో 240 కిలోమీటర్లు పోవును. 60 దానిలో నాలుగవ వంతు. నష్టము. పది లీటర్ల ట్యాంకు గల మోటారు సైకిలు లీటరుకు 50 చొప్పున 500 కిలోమీటర్లు పోవును. 60 అందులో ఇంచుమించు ఎనిమిదవ వంతు. స్వల్పముగా నష్టమే, ఎండ దెబ్బ అదనము. లారీ సంగతి చూడుడు. లీటరుకు 4 కిలోమీటర్లు మాత్రమే నడచు లారీ చమురు త్రాగు పిశాచమని మన భావన. కాని 300 లీటర్ల ట్యాంకుతో అది 1200 కిలోమీటర్లు పోవును. 60 అందులో ఇరువదవ వంతు మాత్రమే. డీజిలు తేడా కూడ ఇంచుమించు ఇదే నిష్పత్తిలో ఉన్నచో లారీకి లాభమే. రాష్ట్రముల పొలిమేరలలో, చౌక పక్కన, బంకులముందు లారీలు బారులు తీరి నిలుచుటకు కారణమిదే. రాష్ట్రముల పన్నులు మారినపుడెల్ల ఆ బారులును ఈవలకు ఆవలకు మారుచుండును.

చవుక అని డబ్బాలలో పట్టి తెచ్చుకొను సాహసము మాత్రము చేయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. మూత వదులైన డబ్బానుండి దిగి నేలబారుగా ప్రాకి ఎక్కడో ఉన్న నిప్పును వెదకికొనును. సున్న డిగ్రీలకు ఎంతో దిగువన కూడ అది అంటుకొనగలదు.

సాయంత్రము పెద్దాయనకు ఫలితము చెప్పితిని. ఆయన నవ్వి, "ఉత్త బండితో ఎవరు పోతారండీ! యానాం బేరం తగిలితేనే పోతాను. అమలాపురం కిరాయి వచ్చినా దారిలో యానామే కదండి" అనెను. ఈ సందర్భమున అదనపు దూరము సున్న. సూత్రము ప్రకారము ఎంత చిన్న తేడా ఉన్నను లాభమే. విద్యార్థిని సూత్రము లేకుండగనే ఆయన దానిని పాటించుచుండెను.

ఇక దినపు జమా ఖర్చు చూతము. ఆయన చెప్పిన అంకెలివి: దినమునకు 90 కిలోమీటర్లు, వసూలు 900 రూపాయలు, బండి అద్దె 250, పెట్రోలు 3 లీటర్లు. లీటరు 110 ఉన్నపుడు ఇంటికి చేరునది 320. ధర 120 అయినపుడు 290. పోయిన 30 రూపాయలు చూచుటకు చిన్నవి. కాని ఆయన వాటాలో పదవ వంతునకు దగ్గర. బంకులో ధర దినదినము మారగలదు. ఆటో మీటరు చార్జీ మారుటకు ప్రభుత్వ ఉత్తరువు కావలెను, అందుకు సంవత్సరములు పట్టును. బేరమాడి తీసికొను కిరాయిలో అయిదు రూపాయలు పెంచబోయిన ఎక్కువాడు నడిచి పోవును. లారీల యజమానులకు ఒప్పందములలో డీజిలు ధరతో పాటు కిరాయి మారు షరతు వ్రాసికొను వీలు కొంత కలదు. ఆటోకు అదియును లేదు. కావున ధరను గాని, కిరాయిని గాని కదలింపలేనివానికి చేతిలో మిగిలినది ఒక్కటే: లీటరుకు నడచు కిలోమీటర్లు. ఇక్కడ భౌతిక శాస్త్రము ప్రవేశించును.

లీటరు ఎక్కడికి పోవుచున్నది?

ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఇమిడి ఉన్నది. ఈ శక్తి అంతయు పనిగా మారినచో, ఏబది కిలోల బియ్యపు బస్తాలను ఎనుబదింటిని తిరుపతినుండి తిరుమల కొండపైకి ఎత్తవచ్చును! కాని ఇంజను ఉష్ణయంత్రము. దానిలో పుట్టిన వేడిలో పెద్ద భాగము పొగగొట్టముగుండను, ఇంజను గోడలగుండను గాలిలో కలియును. ఆటో వంటి చిన్న పెట్రోలు బండిలో చక్రములకు అందునది సుమారు అయిదవ వంతు. ఎనుబది బస్తాలలో పదహారు మాత్రమే కొండ ఎక్కినవి. మిగిలిన అరువది నాలుగు త్రోవలోనే పోయినవి. దీనిలో చాల భాగము ప్రకృతి నియమముచే తప్పనిది. నడుపువాని చేతిలో లేదు.

ఆ పదహారు బస్తాలు ఏమగును? పట్టణములో తిరుగు ఆటోకు ముఖ్య శత్రువు బ్రేకు. మనుష్యులతో కలిపి 600 కిలోల బండి గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నపుడు దాని గతిజ శక్తి సుమారు 37,000 జౌళ్లు. బ్రేకు వేసినపుడు ఇది అంతయు బ్రేకు డ్రమ్ములలో వేడియై పోవును. మరల ఆ వేగమునకు రావలెనన్న అంత శక్తిని కొత్తగా కొనవలెను. లీటరునుండి చక్రములకు 6.4 మెగాజౌళ్లు అందునని లెక్కించిన, ఒక్క బ్రేకు వెల సుమారు 6 మిల్లీలీటర్లు. అనగా ఒక చెంచా పైచిలుకు. లీటరు 120 ఉన్నపుడు 70 పైసలు. దినమునకు ఇట్టి బ్రేకులు నూరు పడునని అనుకొనుడు. ముందున్న ఎర్ర దీపమును దూరమునుండియే చూచి యాక్సిలరేటరు వదలి, బండిని దానంతట అది మందగింపనిచ్చి, నూటిలో ఏబది బ్రేకులు తప్పించినచో దినమునకు 35 రూపాయలు మిగులును. ధర పది రూపాయలు పెరిగి తీసికొనిపోయిన 30 రూపాయలు ఇక్కడ దొరికినవి. జోరుగా పోయి గట్టిగా బ్రేకు వేయు యువకుడు చురుకైన డ్రైవరుగా కనబడును గాని, బంకువానికి ఆప్తమిత్రుడు.

పెద్ద రహదారిపై పోవు లారీకి శత్రువు వేరు. అక్కడ బ్రేకులు తక్కువ, గాలి ఎక్కువ. బరువుతో కలిపి 25 టన్నుల లారీని తీసికొందము. చక్రములు దొర్లుటలోని నిరోధము సుమారు 1700 న్యూటన్లు. వేగముతో ఇది అంతగా మారదు. గాలి నిరోధము మాత్రము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఇది సుమారు 1000 న్యూటన్లు, 80 కిలోమీటర్ల వేగమున సుమారు 1800 న్యూటన్లు. రెండును కలిపిన మొదటి సందర్భమున 2700, రెండవదానిలో 3500. న్యూటన్లను మీటర్లతో గుణించిన జౌళ్లు వచ్చునని విద్యార్థులకు తెలియును. కావున కిలోమీటరుకు 2.7 మెగాజౌళ్లు, 3.5 మెగాజౌళ్లు కావలెను. డీజిలు లీటరులో సుమారు 36 మెగాజౌళ్లుండును. డీజిలు ఇంజను వానిలో మూడవ వంతుకంటె కొంచెము ఎక్కువ, సుమారు 12.5, చక్రములకు అందించును. భాగించి చూడుడు. 60లో లీటరుకు 4.6 కిలోమీటర్లు, 80లో 3.6 కిలోమీటర్లు. అయిదు వందల కిలోమీటర్ల ప్రయాణములో తేడా సుమారు 30 లీటర్లు. త్వరగా చేరినందున కలిసివచ్చినది రెండు గంటలు. ఆ రెండు గంటల వెల డీజిలు రూపములో సుమారు మూడు వేల రూపాయలు! కుళ్లిపోవు చేపలో, టమాటాలో మోయుచున్నపుడు అది తగిన వెలయే కావచ్చును. సిమెంటు మోయుచున్నపుడు కాదు. మరియొక విధముగ చెప్పవలెనన్న, వేగము 60నుండి 80కి పెంచుకొను డ్రైవరు తన డీజిలు ధరను తానే 97 రూపాయలనుండి 125 రూపాయలకు పెంచుకొనుచున్నాడు.

ఈ సత్యమును ఒక దేశము చట్టముగానే చేసినది. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు ఎగుమతిని ఆపగా, 1974లో అమెరికా తన రహదారులన్నిటిపై గంటకు 55 మైళ్లు, అనగా సుమారు 88 కిలోమీటర్లకు మించి పోరాదని శాసించెను. ప్రజలు గొణిగిరి, చాలమంది పాటింపలేదు. 1995లో ఆ చట్టము తీసివేసిరి. వేగపు వర్గము మాత్రము ఏ సభయు రద్దు చేయలేనిది.

కొన్ని నమ్మకములు

ఘాటు రోడ్డు దిగునపుడు గేరు తీసి న్యూట్రలులో బండిని వదలుట చమురు ఆదా అని అనేకుల నమ్మకము. మారేడుమిల్లి ఘాటులో లారీలు ఇట్లు దిగుట నేను చూచితిని. కొందరు ఇంజనే ఆపివేయుదురు. ఇది ప్రాణాపాయము. గేరులో ఉన్నపుడు ఇంజను బండిని వెనుకకు పట్టి ఉంచును. గేరు తీసినచో ఆ భారమంతయు బ్రేకులపై పడి, అవి వేడెక్కి పట్టు వదలును. ఇంజను ఆపినచో బ్రేకుకు, స్టీరింగునకు అందు సహాయము కూడ పోవును. ఇంతకును మిగులునదేమి? నేటి ఇంజనులలో, గేరులో ఉండగా యాక్సిలరేటరు వదలిన వెంటనే చమురు చిమ్ముట పూర్తిగా ఆగిపోవును; చక్రములే ఇంజనును త్రిప్పును. న్యూట్రలులో అయితే ఇంజను తనను తాను త్రిప్పుకొనుటకు చమురు కాల్చుచునే ఉండును. అనగా ఆదా అనుకొన్నదియే దుబారా. పాత కార్బురేటరు బండ్ల కాలమున ఈ అలవాటునకు కొంత ఆధారముండెను. బండ్లు మారినవి, అలవాటు మారలేదు.

తెల్లవారుజామున చల్లగా ఉన్నపుడు పోయించుకొనిన ఎక్కువ వచ్చుననునది మరియొకటి. ద్రవములు వేడికి వ్యాకోచించును గనుక దీనిలో శాస్త్రము లేకపోలేదు. పెట్రోలు ఒక డిగ్రీకి ఇంచుమించు వెయ్యింట ఒక వంతు పెరుగును. కాని బంకులోని ట్యాంకు భూమిలో పాతిపెట్టి ఉన్నది; మన నూతి నీటివలె దాని ఉష్ణోగ్రత పగలు రాత్రి పెద్దగా మారదు. రెండు డిగ్రీల తేడా ఉన్నదనుకొన్నను, రెండు వందల రూపాయల పెట్రోలులో కలిసివచ్చునది 4 మిల్లీలీటర్లలోపు. ఒక బ్రేకు వెల కూడ కాదు. నిద్ర మానుకొనుట దండుగ.

టైర్లలో గాలి సంగతి మాత్రము నమ్మకము కాదు, నిజము. గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టునకు ఎక్కువగా నలిగి వేడెక్కును. ఆ వేడి ట్యాంకులోనుండి వచ్చినదే. చేయి పెట్టి చూచిన తెలియును.

ధరలు పెరిగినపుడు కొందరు చమురునే మార్చుకొందురు. ఇక్కడ కొలమానము మోసగించుటకు అవకాశము ఎక్కువ. సి.ఎన్.జి.ని కిలోలలో అమ్ముదురు. కిలోలో సుమారు 48 మెగాజౌళ్లుండును గనుక అది ఒకటిన్నర లీటర్ల పెట్రోలునకు సమానము. కిలో ధరను లీటరు ధరతో నేరుగా పోల్చరాదు. విద్యుత్తు యూనిటులో ఉన్నది 3.6 మెగాజౌళ్లే. కాని విద్యుత్ మోటారు దానిలో అధిక భాగమును చక్రములకు అందించును గనుక ఆటోకు లీటరు పెట్రోలు చేయు పనిని రెండు మూడు యూనిట్లు చేయగలవు. అక్కడ అసలు ఖర్చు బ్యాటరీది. అది యూనిటు ధరలో కనబడదు. ఇక పెట్రోలులోనే కలిసి వచ్చుచున్న ఇథనాలు సంగతి. 2025 నాటికి దేశములో ఇది 20 శాతమునకు చేరినది. ఇథనాలు లీటరులో 21 మెగాజౌళ్లు మాత్రమే ఉండుటచే మిశ్రమములో శక్తి సుమారు 7 శాతము తగ్గును. ఇంజను తగినట్లు అమర్చినదైనచో నష్టము అంత ఉండదు. నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము, దీనికై సవరించిన కార్లలో మైలేజి తగ్గుదల 1-2 శాతము, పాత కార్లలో 6-7 శాతము. పాత బండివానికి బోర్డుపై ధర కదలకుండగనే ధర పెరిగినట్లు.

ఇన్ని విధములుగా మారు అంకెల నడుమ తన బండి సంగతి తెలిసికొనుటకు ఒకటే మార్గము కలదు. ట్యాంకును మూతి వరకు నింపి మీటరు అంకె వ్రాసికొనవలెను. కొన్ని దినములు నడిపి మరల మూతి వరకు నింపి, ఎన్ని లీటర్లు పట్టినదో, ఎన్ని కిలోమీటర్లు తిరిగినదో చూచి భాగింపవలెను. రెండు వందలకు కొట్టించువానికి ఇది కష్టమే. ఒకసారి తొమ్మిది వందల రూపాయలు కలిసి ఉండవలెను. పెద్దాయన ఒక పెండ్లి కిరాయి సొమ్ముతో మొదలుపెట్టి, మా విద్యార్థిని ఇచ్చిన చిన్న పుస్తకములో మూడు నింపుళ్లు వ్రాసెను. మొదటిది 29.2. టైర్లలో గాలి సరిచూచి, బ్రేకు తగ్గించి నడిపిన పిమ్మట 31.8. మూడవది 26.5కు పడిపోయినది.

ఆ మూడవ అంకెను తరగతి ముందుంచి కారణమేమని అడిగితిని. ఎదురుగాలి అని ఒకరు, కల్తీ పెట్రోలు అని ఒకరు ఊహించిరి. పెద్దాయననే అడిగిన తేలినది: ఆ అయిదు దినములు పరీక్షల కాలమట, వీథివీథికి ఆగి ఎనమండుగురు పిల్లలను బడికి చేరవేసెనట. "కిరాయి మాత్రం బాగానే ఇచ్చారండి మాస్టారూ, అది కూడా రాసుకోమని అమ్మాయికి చెప్పండి" అనెను. పుస్తకములో ఇప్పుడు లీటర్లకు, కిలోమీటర్లకు ప్రక్కన మూడవ గడి ఒకటి గీసి ఉన్నది.